మన బడి గురించి ఎవరు రాయాలి?

(జవళగిరిలో బి.ఎడ్., ఎం.ఎడ్., ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదువుతున్న యువతీ యువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

హోసూరు నుంచీ, డెంకణికోట నుంచీ, తళి నుంచీ పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, పిల్లల్ని చంకన వేసుకుని వచ్చి కూర్చున్న అమ్మలకూ, సంఘ పెద్దలకూ నా వందనాలు.

నన్ను "ఉన్నత విద్యలో మన యువత" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకు చేతకాదు. అందులో ఒక చిన్న ముక్క తీసుకుంటాను. విద్యాశాస్త్రం చదివే విద్యార్థులు, తమంతట తాము నడుపుకునే పరిశోధనా సదస్సు. అది ఎందుకు, ఎలా, ఇక్కడ జవళగిరిలో దానికి ఏం పని అన్నదే నా మాట.

మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన కథతో మొదలుపెడతాను. పండ్రెండేళ్ళ యేసు పండుగకు యెరూషలేము వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. తల్లిదండ్రులు మూడు రోజులు వెతికారు. ఎక్కడ దొరికాడు? దేవాలయంలో, బోధకుల మధ్య. మనం ఈ భాగం మీద ప్రసంగాలు చాలా విన్నాం. తల్లి పడ్డ వేదన గురించి విన్నాం, ఆ తర్వాత కొడుకు చూపిన విధేయత గురించి విన్నాం. నేను ఆయన కూర్చున్న చోటు చూడమంటాను. బోధకుల వెనక కాదు, గుమ్మం బయట కాదు, వాళ్ళ మధ్యన. చేస్తున్న పనులు కూడా రెండు. వింటున్నాడు, అడుగుతున్నాడు. మన చదువుల్లో మొదటిది బాగానే నేర్పారు. రెండోది నేర్పలేదు. అడిగితే "ఎదురు మాట్లాడుతున్నాడు" అన్నారు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఎం.ఎడ్. చదివే రోజుల్లో మొదటిసారి ఒక సదస్సులో పత్రం సమర్పించాను. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది వదిలేద్దాం. ఫీజు కట్టడానికి మా అమ్మ చీటీ డబ్బు ముందే తీసుకోవలసి వచ్చింది. రాత్రంతా బస్సులో వెళ్ళాను. ఒకే గదిలో ఇరవై మందికి పైగా ఉన్నాం, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నా వంతు వచ్చేసరికి సభాధ్యక్షులు భోజనానికి వెళ్ళిపోయారు. నేను చదివాను. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నా ముందు చదివినవాళ్ళు సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోయారు, నా తర్వాత చదవాల్సినవాళ్ళు తమ కాగితాలు చూసుకుంటున్నారు. బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "ఏమన్నారు నాయనా, నువ్వు రాసింది బాగుందన్నారా?" నా దగ్గర జవాబు లేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఎవరూ వినలేదని అమ్మకు ఎలా చెప్పను?

ఇలాంటి సదస్సులు పుట్టగొడుగుల్లా ఎందుకు మొలిచాయో మీకు తెలియాలి. 2016లో యు.జి.సి. తెచ్చిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి. గ్రంథం సమర్పించే ముందు ఒక పత్రం జర్నల్‌లో అచ్చవ్వాలి, రెండు పత్రాలు సదస్సుల్లో చదవాలి. ఉద్దేశం మంచిదే. పరిశోధకుడు నాలుగు గోడల మధ్య ఉండిపోకుండా నలుగురి ముందుకు రావాలని. కానీ ఎక్కడ కాగితం తప్పనిసరి అయితే అక్కడ కాగితం అమ్మేవాడు దుకాణం తెరుస్తాడు. ఫీజు కట్టినవాడికి పత్రం, కట్టనివాడికి గేటు. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ తప్పనిసరి షరతు తీసేశారు. ఎం.ఫిల్. కూడా అప్పుడే ఆగిపోయింది. షరతు పోయింది కాబట్టి ఇప్పుడైనా మనం అసలు ప్రశ్న అడుక్కోవచ్చు. సర్టిఫికెట్ కోసం కాకపోతే సదస్సు ఇంక దేనికి?

దీనికి జవాబు కొందరు విద్యార్థులే చేసి చూపించారు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యా విభాగంలో ఏటా విద్యార్థులే ఒక పరిశోధనా సదస్సు నడుపుతారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ విద్యా విభాగం విద్యార్థులు "కలైడోస్కోప్" అనే పేరుతో నడుపుతారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ సదస్సు పేరు "స్టోరీస్". విద్యాశాస్త్రంలో విద్యార్థులు ఇంకా చేస్తూ ఉన్న పరిశోధన అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ "ఇంకా చేస్తూ ఉన్న" అన్న మాట గమనించండి. పూర్తయిన పని తెచ్చి మెప్పు పొందమని కాదు, సగంలో ఉన్న పని తెచ్చి సాయం అడగమని.

పేర్లు పెద్దవని జంకకండి. అక్కడ జరిగే పనిలో డబ్బుతో కొనాల్సింది చాలా తక్కువ. ఇలాంటి సదస్సుల పద్ధతి ఇది. విద్యార్థులే ఒక కమిటీగా ఏర్పడతారు. "మీ పరిశోధన గురించి ఒక పేజీలోపు రాసి పంపండి" అని పిలుపు ఇస్తారు. వచ్చినవాటి మీద పేర్లు, కాలేజీ పేర్లు తీసేసి తోటి విద్యార్థులకే చదవడానికి ఇస్తారు. రాసింది ఎవరో తెలియకుండా చదివితే పెద్ద కాలేజీ పిల్లవాడిదని మురిసిపోవడం, చిన్న కాలేజీ పిల్లదని పక్కన పెట్టడం తగ్గుతుంది. ఒకే విషయం మీద రాసిన ముగ్గురినో నలుగురినో ఒక చోట కూర్చోబెడతారు. మాట్లాడటానికి కొంత సమయం, ప్రశ్నలకు కొంత సమయం. ఆ పత్రాలన్నీ ముందే చదివి వచ్చిన ఒక మనిషి ఉంటాడు. "మీరు చెప్పినది ఇది, దీంట్లో బలం ఇది, ఇక్కడ సందేహం ఉంది" అని చెప్పడం అతని పని. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రోజు నాకు దొరకలేదన్నాను కదా, ఆ మనిషి ఉంటే దొరికేది.

ఇదంతా పెద్ద ఊళ్ళ ముచ్చట అనుకునేవాళ్ళ కోసం ఒక కొండపల్లె కథ చెబుతాను. ఇటలీలో బార్బియానా అనే కుగ్రామం. 1954లో లొరెంజో మిలానీ అనే కతోలిక గురువును అక్కడికి పంపారు. బడి నుంచి తప్పించిన పేద రైతుల పిల్లలను చేరదీసి ఆయన తన దగ్గరే బడి పెట్టాడు. ఆ బడి పిల్లలు ఎనిమిది మంది కలిసి 1967లో ఒక పుస్తకం రాశారు. ఒక టీచరమ్మకు రాసిన ఉత్తరం రూపంలో ఉంటుంది అది. కానీ ఉత్తరంలో ఏడుపు ఒక్కటే లేదు, లెక్కలు ఉన్నాయి. తరగతి తరగతికీ ఎంతమంది పిల్లలు రాలిపోతున్నారు, వాళ్ళ తండ్రులు ఏం పని చేసేవాళ్ళు, ఫెయిల్ అవుతున్నది ఎవరి పిల్లలు అని అంకెలు పట్టుకుని అడిగారు. పేదవాడి పిల్లలకు బుద్ధి తక్కువ అనే మాటను వాళ్ళు లెక్కలతో ఎదుర్కొన్నారు. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే మిలానీ చనిపోయాడు. ఆ పుస్తకాన్ని ఈ రోజుకీ ప్రపంచంలో ఎన్నో చోట్ల టీచరు శిక్షణలో చదువుతారు. విశ్వవిద్యాలయం గడప తొక్కని పిల్లలు చేసిన పని అది. మీరు డిగ్రీ దాటి వచ్చారు. మీకేం తక్కువ?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఈ హోసూరు సీమ 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరలేదు, 1956లో రాష్ట్రాలు మళ్ళీ ఏర్పడినప్పుడూ మద్రాసులోనే ఉండిపోయింది. 2004లో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లా చేశారు. మన ఇళ్ళలో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నలభై లక్షలకు పైనే. 2024 జూన్‌లో మన కృష్ణగిరి ఎం.పి. లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. ఫోన్లలో ఆ వీడియో చూసి మనం సంతోషించాం. కానీ ఆయన ప్రమాణం చేసిన భాషలో మన పిల్లలు ఎందరు చదవగలరు, రాయగలరు? ఈ ప్రశ్న నేను ఎవరిని అడిగినా ఒక అభిప్రాయం చెబుతారు. లెక్క చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

2006లో తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ ఈ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి పెరుగుతూ 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. భాషా మైనారిటీ పిల్లల తరఫున కోర్టులకు వెళ్ళారు, మినహాయింపులు వచ్చాయి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. ఇంకో పక్క మన రాజ్యాంగంలో 350-ఏ అధికరణం ఉంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని దాని సారాంశం.

నా మాట తప్పుగా తీసుకోకండి. తమిళం మన పక్కింటి భాష, అన్నం పెట్టే భాష. మన పిల్లలు దాన్ని బాగా నేర్వాలి. తమిళం మీద నాకు ఏ తగాదా లేదు. నేను అడిగేది వేరే. ఈ ఇరవై ఏళ్ళ వాదనలో ఒక వైపు చట్టం, ఒక వైపు పిటిషను. మధ్యలో మూడో తరగతి పిల్ల ఉంది. ఇంట్లో ఒక మాట, బళ్ళో ఒక మాట, పుస్తకంలో మరో మాటగా చదువుతున్న ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతోంది, ఎక్కడ నెట్టుకొస్తోంది? అది చెప్పాల్సింది లాయరు కాదు. ఆ బడిలో ఇంటర్న్‌షిప్ చేసే బి.ఎడ్. విద్యార్థి. మీరు. రెండేళ్ళ బి.ఎడ్.లో వారాల తరబడి బళ్ళో ఉంటారు. ఎం.ఎడ్.లో ఎలాగూ డిసర్టేషన్ రాయాలి. ఆ పనిని గైడుగారి బీరువా కోసం కాకుండా ఈ ఊరి కోసం చేస్తే?

మచ్చుకు కొన్ని ప్రశ్నలు ఇస్తాను. నచ్చినది తీసుకోండి, నచ్చకపోతే మీవి తెచ్చుకోండి.

ఒకటి. ఐదో తరగతి దాకా తెలుగులో చదివి ఆరులో మాధ్యమం మారిన పిల్లలకు లెక్కల్లో ఏమవుతోంది? లెక్క రాకనా, లెక్క అడిగిన భాష రాకనా?

రెండు. బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగులు మన జవళగిరి అడవిలోకి దిగే కాలం మనకు తెలుసు. రాగి కంకి పాలు పోసుకునే వేళకు అవి వస్తాయి. మంచె మీద రాత్రి కాపలా కాసే ఇళ్ళలో పిల్లల హాజరు ఆ నెలల్లో ఎలా ఉంటుంది? చీకటి పడకముందే ఇల్లు చేరాలని ట్యూషన్ మానేసేవాళ్ళు ఎందరు? హాజరు పట్టీ, అటవీ శాఖ రోజువారీ సమాచారం, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఇది హార్వర్డ్ వాళ్ళకు తట్టే ప్రశ్న కాదు. మనకే తడుతుంది.

మూడు. కొండ మీది ఇరుళర్ పిల్లలు. వాళ్ళ ఇంటి మాట మనం వాదించుకునే ఏ పాఠ్యభాషా కాదు. తెలుగుకు అన్యాయం జరిగిందని మనం అంటున్నాం కదా, మన బళ్ళో, మన ఆదివారపు బడిలో వాళ్ళ మాటకు మనం ఎంత చోటు ఇచ్చాం?

నాలుగు. ఇది మన ఇంటి గొడవ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్.సి. హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చలేదు. తమిళనాడులో మనల్ని బి.సి.లుగా లెక్కిస్తారు, ఆంధ్రలో బి.సి.-సి అంటారు. దీన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి దీని అర్థం ఏమిటి? ఎస్.సి. విద్యార్థులకిచ్చే జాతీయ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టే వీలు లేదు. వాడలో పక్కపక్క ఇళ్ళు, ఒకే కూలి, ఒకే అవమానం. ఒకరికి ఫెలోషిప్ దారి ఉంది, ఒకరికి లేదు. మన సంఘాల్లో ఎం.ఎడ్. దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎందరు, ఎందుకు ఆగారు అని ఇల్లిల్లూ తిరిగి రాసిన ఒక్క పత్రం ఉంటే, అది పది వినతి పత్రాల పెట్టు.

ఐదు. పెద్దలు క్షమించాలి. మన క్రైస్తవ విద్యాసంస్థల్లో పేద క్రైస్తవుల పిల్లలు ఎందరు? ఫీజు కట్టలేక బయటికి వచ్చినవాళ్ళు ఎందరు? ప్రభుత్వాన్ని అడిగే నోరు మనల్ని మనం అడుక్కోవడానికి కూడా ఉండాలి. మన మీద మనం వేసుకోలేని ప్రశ్న ఇంకొకరి మీద వేసే హక్కు మనకు లేదు.

ఇంకొక జ్ఞాపకం. నా చిన్నప్పుడు మా ఊరికి ఒకాయన సర్వేకు వచ్చాడు. మా అవ్వ పని మానుకుని రెండు గంటలు కూర్చుని అన్నీ చెప్పింది. ఎంతమంది పిల్లలు, ఎందరు పోయారు, ఎవరు బడికి పోతారు, అన్నీ. ఆయన రాసుకున్నాడు, మజ్జిగ తాగాడు, వెళ్ళిపోయాడు. అవ్వ బతికినన్నాళ్ళూ అప్పుడప్పుడూ అనేది: "నా మాటలన్నీ రాసుకుని పాయె. ఏం రాసుకున్యాడో ఒకసారి చదివి వినిపించి ఉంటే ఏం పోయె?" అవ్వకు చదువు రాదు. పరిశోధన నీతి గురించి తర్వాత నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఉన్న ముఖ్యమైన సంగతి అవ్వ ఆ ఒక్క మాటలో చెప్పేసింది.

అందుకే నా సలహా. పెద్ద హాలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు, శాలువాలు అసలే వద్దు. ఒక శనివారం, ఒక గది. మొదటి ఏడాది ఎనిమిది పత్రాలు వస్తే చాలు. పిలుపు తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఇవ్వండి. మన సంఘం పిల్లలకే కాదు, అన్ని మతాల వాళ్ళకూ ఇవ్వండి. ఫీజు పైసా వద్దు. అన్నం, సాంబారు, టీ ఖర్చు మేం పెద్దలం చూసుకుంటాం. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు మాట, ఎనిమిది నిమిషాలు ప్రశ్నలు. గంట కొట్టే మనిషికి మొహమాటం ఉండకూడదు. పెద్దమనిషి మాట్లాడుతున్నా కొట్టాలి.

తీసుకోని పత్రానికి "ఎంపిక కాలేదు" అని ఒక్క ముక్క రాసి పంపకండి. ఇందులో బాగున్నది ఇది, చాలనిది ఇది, ఇలా మార్చి వచ్చే ఏడు పంపు అని నాలుగు వాక్యాలు రాయండి. ఆ ఉత్తరం రాయడం నేర్చుకున్నవాడు మంచి టీచరవుతాడు, ఎందుకంటే పరీక్ష పేపరు దిద్దడం కూడా అదే పని.

కుదరని పరిశోధనలకు ఒక బల్ల వేరే వేయండి. ప్రశ్నావళి తప్పు వేసినవాళ్ళు, ఊరివాళ్ళు మాట్లాడనన్నవాళ్ళు, అనుకున్నదానికి వ్యతిరేకంగా ఫలితం వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని చెప్పాలి. పక్కవాడి తప్పు విన్నవాడికి ఒక ఏడాది కలిసొస్తుంది.

రెండు నియమాలు మాత్రం తప్పకూడదు. మొదటిది, పిల్లల పేర్లు, ఫోటోలు, ఏ బడి పిల్లలో తెలిసే ఆనవాళ్ళు బయటపెట్టకూడదు. తల్లిదండ్రులను అడగాలి, పిల్లలనూ అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. రెండోది అవ్వ నియమం. ఎవరి గురించి రాశామో వాళ్ళు ముందు వరుసలో ఉండాలి. వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. మొదటి ప్రశ్న వాళ్ళది.

మీ మొహాల్లో సందేహాలు కనిపిస్తున్నాయి. "అన్నా, మాకు ఇంగ్లీషు రాదు." డిగ్రీ కోసం ఇంగ్లీషులో రాయాల్సి వస్తే రాయండి, నేర్చుకోండి. కానీ ఈ గదిలో తెలుగులో చెప్పండి. తన పరిశోధనను కన్నతల్లికి అర్థమయ్యేలా చెప్పలేనివాడికి అది ఇంకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. "దీనివల్ల ఉద్యోగానికి మార్కులు వస్తాయా?" రావు. అబద్ధం చెప్పను. కానీ ప్రశ్న తట్టుకుని నిలబడిన అనుభవం ఇంటర్వ్యూ గదిలో మీ వెంట వస్తుంది. "గైడుగారికి కోపం వస్తే?" ముందే వెళ్ళి చెప్పండి, రమ్మని పిలవండి. వచ్చినవాళ్ళను గౌరవంగా కూర్చోబెట్టండి. అధ్యక్ష స్థానం మాత్రం విద్యార్థిదే.

ఆ చివరి మాట ఎందుకంటున్నానో చెప్పి ముగిస్తాను. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల అనే దళిత పరిశోధక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందు హాస్టల్ నుంచి వెలివేశారు. ఆ తర్వాత ఊరూరా కొవ్వొత్తులు వెలిగించాం, మన సంఘాల్లో కూడా. కొవ్వొత్తి తప్పు కాదు. కానీ అలాంటి పిల్లవాడు బతికుండగా అతని మాట వినే గది ఒకటి, అతన్ని ప్రశ్నించే, అతనికి జవాబిచ్చే తోటివాళ్ళు పది మంది ఉండాలి కదా. పరిశోధన ఒంటరి పని. మన వాడల నుంచి వెళ్ళినవాళ్ళకు మరీ ఒంటరి పని. ఇంట్లోవాళ్ళకు అర్థం కాదు, అక్కడివాళ్ళు కలుపుకోరు. సదస్సు అంటే నా దృష్టిలో మొదట అదే. నువ్వు చేస్తున్న పని ఏమిటని అడిగి, కూర్చుని వినే మనుషులు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ రోజు ఇంటికి వెళ్ళేలోపు ఐదుగురు పేర్లు ఇవ్వండి. కమిటీ అదే. బయట టీ బల్ల దగ్గర నోటుబుక్కు పెట్టించాను. పేరు రాసేవాళ్ళు పేరు పక్కన ఒక ప్రశ్న కూడా రాయండి. ఎంత చిన్నదైనా సరే. పిలుపు ఎప్పుడు ఇవ్వాలి, ఏ నెలలో పెట్టుకోవాలి అన్నది ఆ ఐదుగురే తేల్చాలి. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఏనుగులు దిగే నెలల్లో వద్దు. ముందు వరుసలో కూర్చోవాల్సిన అమ్మలూ నాయనలూ అప్పుడు మంచె మీద ఉంటారు.